కాలేజీ నోటీసు: స్కాన్ చేసి పెడితే చాలా, పేజీలో టైపు చెయ్యాలా?

ఒక డిగ్రీ విద్యార్థిని తండ్రి, మెహదీపట్నం:
మా అమ్మాయి కాలేజీ వాళ్లు ప్రతి నోటీసునూ సంతకం, ముద్రతో సహా స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో పెడతారు. మొన్న ఫీజు చివరి తేదీ కోసం బస్సులో నిలబడి ఫోన్‌లో తెరిచాను. కాగితం అడ్డంగా తిరిగి ఉంది. రెండు వేళ్లతో పెద్దది చేస్తే అక్షరాలు మసకబారాయి. సరిగ్గా తేదీ మీదే గుండ్రటి ముద్ర. అది 16వ తేదీయో, 18వ తేదీయో తెలియక ఒకటే టెన్షన్. ఆ నాలుగు ముక్కలూ పేజీలోనే టైపు చెయ్యొచ్చు కదా?

ఇంకో కాలేజీ ఆఫీసు ఉద్యోగిని:
మీ ఇబ్బంది నిజమే సార్. కానీ టైపులో ఒక్క అంకె తప్పితే మాట పడేది మేమే. సంతకం లేకపోతే వాట్సాప్‌లో తిరిగే దొంగ నోటీసుకూ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది?

వెబ్ డిజైనర్, అమీర్‌పేట:
కాగితాన్ని తీసెయ్యమనడం లేదు మేడమ్, అడుగున ఉంచండి. పైన మాత్రం ఎవరికి, ఏం చెయ్యాలి, ఎప్పటిలోగా అన్నది రాయండి. తేడా వస్తే సంతకమున్న కాగితమే చెల్లుతుందని ఒక ముక్క చేర్చండి. స్కాన్ అంటే ఉత్త బొమ్మ. చూపులేని పిల్లలకు తెర మీది అక్షరాలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అందులో అక్షరాలే దొరకవు. సమాచారం వాళ్లకూ అందాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోనే ఉంది.

తెలుగులో పెడితే ఇంకో జాగ్రత్త. అను ఫాంట్‌లో కొట్టినదాన్ని అలాగే తెచ్చి అతికిస్తే పిచ్చి గీతలొస్తాయి, అన్ని ఫోన్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. ఇంగ్లిష్‌కు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు చాలదు. ‘రాష్ట్రం’లో ష కింద టవత్తు, క్రావడి రెండూ ఉంటాయి, అవి కింది వరుస గుడుల మీదికి ఎక్కేస్తాయి. నేనైతే అక్షరం సైజుకు 1.7 రెట్లు ఇస్తాను. లేత బూడిద రంగు అక్షరాలు అసలొద్దు. అక్షరానికీ వెనక రంగుకూ వెలుగులో తేడా కనీసం 4.5:1 ఉండాలని అంతర్జాతీయ వెబ్ ప్రమాణం. ఎండలో ఫోన్ చూసేవాళ్లకు ఆ తేడా ఎంత అవసరమో తెలుస్తుంది.

ఆఫీసు ఉద్యోగిని:
ఏది చెల్లుతుందో రాయడం బాగుంది. కానీ ఆఫీసులో ఉన్నది ఇద్దరం. దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్) అడ్మిషన్ల రోజుల్లో కాగితం పక్కన పెట్టుకుని సరిచూసే మనిషి ఎక్కడ?

విద్యార్థిని తండ్రి:
అన్నీ వద్దమ్మా. ఫీజు, పరీక్ష, హాల్ టికెట్ తేదీలున్నవి మాత్రం చెయ్యండి. మా అమ్మాయి ఫీజు చివరి తేదీ 16. నోటీసు చూసిన మర్నాడు కాలేజీకి ఫోన్ చేసి అడిగితే గానీ తెలియలేదు.