దసరా మర్నాడు పొద్దున పది మందికి ఏం తాగియ్యాలె? మజ్జిగ, కొబ్బరి నీళ్లు, ఓఆర్‌ఎస్, ఆన్‌లైన్ పొడులు: ఏది పనికొస్తది?

సిద్దిపేట_శీను

నమస్తే అందరికి. దసరా రాత్రి మా ఇంట్ల దావత్. కాకలు, బావలు, దోస్తులు కలిపి పది మంది. మందు సంగతి వాళ్లు చూసుకుంటున్నరు, తెల్లారి సంగతి నా మీద పడ్డది. మర్నాడు అందరు తలకాయ పట్టుకొని కూసోకుండ ఏం తయారు పెట్టాలె?

1. మజ్జిగ, కొబ్బరి బోండాలు, నిమ్మకాయ నీళ్లు, అంబలి. వీటిల ఏది ముందు, ఏది తర్వాత? పది మందికి ఎంతెంత?
2. ఫోన్ల కనవడే 'హ్యాంగోవర్' పొడులు, చిన్న సీసాల షాట్లు తెప్పియ్యమంటున్నరు. అన్ని 'నేచురల్' అని రాసుంటయ్. పైసలు పెట్టొచ్చా?
3. ఒక కాకకు షుగరు, గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ వాడుతడు. పెద్ద బావకు బీపీ, టెల్మిసార్టాన్. వీళ్లకు ఏమన్న వేరేగ చూడాల్నా?

'తాగకుంటే సరిపోతది' అనే సలహా ఇంట్ల ఆడోళ్లు ఇప్పటికే ఇచ్చిండ్రు, అది వద్దు.

మజ్జిగ_మాస్టారు

శీను గారూ, తాగినదాన్ని ఒంట్లోంచి తొందరగా తీసేసే పానీయం ఏదీ లేదండి. అది లివర్ పని, తన వేగంతోనే చేసుకుంటుంది. 42.8 శాతం విస్కీ గానీ బ్రాందీ గానీ 60 మి.లీ. పెగ్గులో దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. లివర్ గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములు ఖర్చు చేస్తుంది. రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి నాలుగు పెద్ద పెగ్గులు వేసినవాడి ఒంట్లో పొద్దున ఏడు దాకా సరుకు ఉన్నట్టే. 650 మి.లీ. స్ట్రాంగ్ బీరు ఒక్కటి రెండు పెద్ద పెగ్గులకు దగ్గరగా వస్తుంది. 'బీరే కదా' అనుకునేవాళ్లకు ఈ లెక్క చెప్పండి.

మజ్జిగ, అంబలి చేసే పని వేరే. ఒంట్లో నీళ్లను నిలిపే వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ను ఆల్కహాల్ అణిచేస్తుంది, అందుకే మాటిమాటికీ మూత్రానికి లేస్తారు. పొద్దునకి నీళ్లు తగ్గి ఉంటాయి, వాంతులైతే ఉప్పు కూడా పోతుంది, కడుపు లోపల మండుతుంటుంది, సరిగ్గా తినకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. ఇంతవరకు వంటింట్లో విరుగుడు ఉంది. చెడిన నిద్రకీ, ఒళ్లు నొప్పులకీ ఏ గ్లాసూ లేదు, అవి మధ్యాహ్నానికి వాటంతట అవే తగ్గాలి.

పని రాత్రి నుంచే మొదలుపెట్టండి. మొదటి పెగ్గుకు ముందే కాస్త అన్నమో, రొట్టెలో, మటనో కడుపులో పడాలి. ఖాళీ కడుపున తాగితే ఆల్కహాల్ చాలా తొందరగా రక్తంలోకి ఎక్కుతుంది. పెగ్గుకూ పెగ్గుకూ మధ్య ఒక గ్లాసు మంచినీళ్లు. పడుకునేటప్పుడు ప్రతి మంచం పక్కనా ఒక లీటరు నీళ్ల సీసా, ఒక ఖాళీ బకెట్ పెట్టండి. బకెట్ ఎందుకో చెప్పక్కర్లేదు కదా.

పొద్దున మొదట పలుచటి మజ్జిగ. పది మందికి ఒక కిలో పెరుగు, నాలుగు లీటర్ల నీళ్లు, గీసిన చెంచాలతో రెండున్నర టీస్పూన్ల ఉప్పు. గుప్పెడు కరివేపాకు, రెండు అంగుళాల అల్లం దంచి రసం పిండుకోవాలి, వేయించి నూరిన జీలకర్ర రెండు టీస్పూన్లు. పచ్చిమిర్చి వద్దే వద్దు. ఇక్కడే చాలామంది చెడగొడతారు: రోజూ చేసే అలవాటుతో మిర్చి దంచి వేస్తారు, తీరా తాగినవాడు గుండెల్లో మంటని లేస్తాడు. బాగా చిలికి పైకి తేలిన వెన్న తీసేయండి, వికారంగా ఉన్న కడుపు కొవ్వును ఒప్పుకోదు. పెరుగు పులిసినది కాకూడదు. రాత్రే మజ్జిగ చేసి బయట పెడితే తెల్లారేసరికి పుల్లబడుతుంది. పెరుగు ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున చిలకండి.

తాగించే పద్ధతి ముఖ్యం. దాహంతో చెంబెడు ఒక్క గుక్కలో తాగితే అయిదు నిమిషాల్లో మొత్తం బయటికొస్తుంది. అర గ్లాసు తాగి, పది నిమిషాలు ఆగి, నిలిస్తే మళ్లీ అర గ్లాసు. అప్పటికే వాంతులవుతున్నవాడికి రెండు మూడు నిమిషాలకు ఒక పెద్ద చెంచా చొప్పున.

మజ్జిగ నిలిచాక, గంట తర్వాత రాగి అంబలి. పది గ్లాసులకు 120 గ్రాముల రాగిపిండి సరిపోతుంది. రాత్రి అర లీటరు నీళ్లలో ఉండల్లేకుండా కలిపి మూతపెట్టండి. పొద్దున లీటరుంబావు నీళ్లు, ఒక టీస్పూన్ ఉప్పు వేసి మరిగించి, నానిన పిండిని సన్నగా పోస్తూ తిప్పాలి. ఎనిమిది పది నిమిషాలకు పచ్చివాసన పోయి మెరుస్తుంది. దించి, గోరువెచ్చగా అయ్యాకే ముప్పావు లీటరు మజ్జిగ కలపాలి, వేడిమీద పోస్తే విరిగిపోతుంది. పొడిపిండిని సరాసరి మరిగే నీళ్లలో వేస్తే మాత్రం ఉండలు కట్టి, ఎంత తిప్పినా విడవదు. రాగులు లేకపోతే జొన్నపిండితో కూడా ఇదే లెక్క.

నిమ్మకాయ నీళ్లు ఖాళీ కడుపున వద్దు. సోడా కలిపి అసలే వద్దు, పులుపు, గ్యాసు కలిసి మంటను ఎక్కువ చేస్తాయి. అంబలి తాగాక ఎవరికైనా నోరు బాగోలేకపోతే పలుచగా ఒక గ్లాసు ఇవ్వండి.

ఫార్మసీ_పద్మ

మజ్జిగ గురించి మాస్టారు చెప్పింది బాగుంది. కొబ్బరి నీళ్ల సంగతి, మూడో ప్రశ్న నేను చెప్తాను.

కొబ్బరి నీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ. వాంతులైనవాళ్లకు కావలసింది ముందు సోడియం. అందుకని బోండా ఒక్కటే ఇచ్చి చాలనుకోవద్దు, మజ్జిగ తర్వాత మనిషికి ఒకటి చాలు. మీ బావగారి టెల్మిసార్టాన్ ఒంట్లో పొటాషియాన్ని నిలిపే రకం మందు. కిడ్నీలు బాగుంటే ఒక బోండాతో ఏమీ కాదు, చవకగా దొరికాయని మూడు నాలుగు తాగకూడదు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఒకటి కూడా వద్దు. ఇంకో మాట, విపరీతంగా వాంతులు, విరేచనాలు అవుతుంటే ఆ పూట బీపీ మాత్ర వేసుకోవాలా వద్దా అని డాక్టర్‌కి ఫోన్ చేసి అడగమనండి.

మీ కాకగారి విషయం అందరికన్నా జాగ్రత్తగా చూడాలి. ఆల్కహాల్ ఉన్నంతసేపూ లివర్ కొత్తగా చక్కెర తయారుచేయలేదు. గ్లిమెపిరైడ్ పక్క నుంచి ఉన్న చక్కెరనూ దించుతుంది. తెల్లవారుజామున చెమటలు, వణుకు, మాట తడబడటం కనిపిస్తే 'ఇంకా దిగలేదు' అని వదిలేస్తారు, అది షుగర్ పడిపోవడం కావచ్చు. రాత్రి ఆయన తప్పకుండా అన్నం తినాలి. పొద్దున లేవగానే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువైతే మూడు టీస్పూన్ల పంచదార అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. లేపినా మాట్లాడలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా 108కి చెయ్యండి. ఎక్కువ తాగి, వాంతులై, ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు మెట్‌ఫార్మిన్ కూడా ప్రమాదమే, ఆ పూట వేసుకునే ముందు డాక్టర్‌ని అడగాలి.

ఓఆర్‌ఎస్ పది పెద్ద ప్యాకెట్లు తెచ్చుకోండి. కొనేటప్పుడు వెనక వైపు చదవండి: లీటరుకి సోడియం క్లోరైడ్ 2.6 గ్రా., గ్లూకోజ్ 13.5 గ్రా., పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రా., ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రా. ఉండాలి. అది డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా. టెట్రా ప్యాక్‌లో తియ్యగా దొరికే పానీయాల్లో చాలావాటికి దీనికి సంబంధం లేదు. వాటి మీద ఓఆర్‌ఎస్ అనే మాట వాడొద్దని 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) ఆదేశించింది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లపాటు కొట్లాడిన విషయం ఇది.

లీటరు ప్యాకెట్‌ను లీటరులోనే కలపాలి. 'స్ట్రాంగ్‌గా ఉంటే తొందరగా పనిచేస్తుంది' అని ఒక గ్లాసులో కలిపేస్తారు. అలా చిక్కగా వెళ్తే పేగే ఒంట్లో నీళ్లను లోపలికి లాక్కుంటుంది, విరేచనాలు మొదలవుతాయి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు గీసిన చెంచాలతో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు. ఉత్త గ్లూకోజ్ పొడి దీనికి బదులు కాదు, అందులో ఉప్పు ఉండదు.

తలనొప్పి మాత్రల గురించి మీరు అడగలేదు గానీ పది మందిలో అయిదుగురు అడుగుతారు. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ ఖాళీ కడుపున వేస్తే అప్పటికే ఒరిసిన కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. రోజూ తాగేవాళ్లకు పారాసెటమాల్ లివర్‌కు మంచిది కాదు. ముందు రెండు గ్లాసులు ద్రవం పోయి, ఒక నిద్ర తీస్తే చాలామందికి మాత్ర అవసరం రాదు.

లేబుల్_చదివేవాడు

రెండో ప్రశ్నకు: ఆ డబ్బుతో బోండాలు కొనండి బ్రో.

2022లో 'అడిక్షన్' అనే జర్నల్‌లో హ్యాంగోవర్ మందుల మీద జరిగిన 21 ట్రయల్స్‌ని కలిపి చూశారు. అందులో లవంగ సారం, కొరియన్ పియర్ రసం, ఎర్ర జిన్‌సెంగ్ లాంటివన్నీ ఉన్నాయి. ఒకటీ అరా కొంచెం లాభం చూపించినా సాక్ష్యం చాలా బలహీనం, నమ్మకంగా పనిచేస్తుందని చెప్పగలిగింది ఒక్కటీ లేదని తేల్చారు. పియర్ రసం కూడా తాగడానికి ముందు ఇచ్చి చూసినదే, మర్నాడు తాగితే లాభం లేదు.

పొడుల్లో ఎక్కువగా కనిపించేది డీహెచ్‌ఎం. కొరియా, చైనాల్లో హొవీనియా అనే చెట్టు నుంచి తీస్తారు. ఎలుకల మీద ఫలితాలు చూపించి మనుషులకు అమ్ముతున్నారు. మిల్క్ తిస్టిల్ అనే మూలిక, బి విటమిన్లు, విటమిన్ సి కలిపితే లేబుల్ నిండుతుంది. ఒక రాత్రి తాగి లేచినవాడికి వాటితో ఒరిగేదేమీ లేదు.

'నేచురల్' కాబట్టి హాని లేదనుకుంటారు, నాకు ఒళ్లు మండేది అక్కడే. గ్రీన్ టీ సారం పెద్ద మోతాదులో లివర్‌ను దెబ్బతీస్తుంది. మిరియాల సారం కలిపిన పసుపు మాత్రలతోనూ లివర్ పాడైన కేసులు రికార్డయ్యాయి. తిప్పతీగ మీద 2021లో ముంబై డాక్టర్లు అలాంటి కేసులే ప్రచురించారు, ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, ఆ వాదన అలాగే ఉంది. అంతకుముందు రాత్రే మందు పోసిన లివర్ మీద వీటిని ప్రయోగించడం దేనికి? చారులో చిటికెడు పసుపు వేరు, గుళికలో నింపిన సారం వేరు.

ఇంకోటి: ఏ షాట్ తాగినా బ్రెత్ అనలైజర్ మారదు. చట్టం ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే కేసే. మాస్టారు చెప్పిన లెక్క వేసుకుని, రాత్రి బాగా తాగినవాళ్లకు పొద్దున బండి తాళాలు ఇవ్వకండి.

సిద్దిపేట_శీను

మస్తు చెప్పిండ్రు అందరు. ఇంకో రెండు. మా ఊర్ల 'పొద్దుగాల ఇంత కల్లు తాగితే దిగుతది' అంటరు, నిజమేనా? మరీ ఎక్కువైనోనికి ఉప్పు నీళ్లు తాగిచ్చి కక్కిస్తరు, అది చెయ్యాల్నా?

ఓరుగల్లు_రాజన్న

తమ్మీ, పొద్దుగాల కల్లు అంటే రాత్రి అప్పుకు ఇంకింత వడ్డీ కట్టుడే. జర సేపు హాయి అనిపిస్తది, ఎందుకంటే ఒంట్లకు మల్ల ఆల్కహాల్ పోయింది. ఆ బాధ పోలేదు, సాయంత్రానికి జరిగింది గంతే. పైగ చెట్టు కాడ దించిన అసలు తాటికల్లు, ఈతకల్లు వేరు, దుకాణంల దొరికేది వేరు. కల్తీ కల్లుల అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ అసోంటి మత్తుమందులు పట్టుబడుడు తెలంగాణల కొత్త కాదు. రాత్రి మందు మీద అది పడితే ఊపిరి మందగిస్తది.

ఎవరికన్న పొద్దుగాల పెగ్గు పడంది చెయ్యి వణుకుడు ఆగకపోతే అది హ్యాంగోవర్ కాదు, అలవాటుపడ్డ ఒళ్లు మందు అడుగుతున్నది. ఆఖరి చుక్క తాగిన ఆరు గంటల నుంచి మొదలైతది, రెండు రోజుల లోపల ఫిట్స్ రావచ్చు. అసోంటోనికి మజ్జిగ చాలదు, దవాఖానకు తీస్కపోవాలె. రోజు తాగి సరిగ్గ తిననోళ్లకు బి1 విటమిన్ తక్కువుంటది, గ్లూకోజ్ సీసా ఎక్కియ్యంగనే మెదడు మీద దెబ్బ పడొచ్చు. డాక్టర్‌కు తాగుడు సంగతి దాచకుండ చెప్పాలె, ముందు బి1 సూది ఇస్తరు. ఊర్ల ఆర్‌ఎంపీతోని గ్లూకోజ్ పెట్టిచ్చుకునేటోళ్లకు ఇది ఎవ్వరు చెప్పరు.

ఉప్పు నీళ్లు మాత్రం అస్సలు వద్దు. మత్తుల ఉన్నోడు కక్కితే అది ఊపిరితిత్తులల్ల పోతది. ఉప్పు ఎక్కువైనా పానం మీదికొస్తది. వాన్ని పక్కకు తిప్పి పండవెట్టి, ఒక మనిషి కాపలా ఉండాలె. లేపితే లేవకపోయినా, ఊపిరి నిమిషానికి ఎనిమిది సార్ల కన్న తక్కువ తీస్కున్నా, రక్తం కక్కినా 108 కొట్టుడే. నాటుసారా గిట్ల తాగినోడు మర్నాడు కండ్లు మసకగ కనవడుతున్నయంటే మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసిందనుకొని దవాఖానకు ఉరకాలె, అండ్ల ఆలస్యం చేస్తే చూపు పోతది.

గోదారి_గట్టు

మా వైపు తరవాణి సంగతి ఎవరూ ఎత్తలేదేంటండీ! గంజి, బియ్యం కడిగిన నీళ్లు కుండలో పులియబెట్టి వాడతారు. పలుచగా తేరుకున్న నీళ్లలో ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు, దబ్బాకు వేసి ఒక గ్లాసు ఇస్తే నోటికి భలే ఉంటుంది. కాకపోతే దీన్ని నాలుగు రోజుల ముందు నుంచీ పెంచాలి. పైన రంగు బూజు కట్టినా, జిగురు సాగినా పారబోయాలి. దసరాకి కొత్తగా మొదలెట్టే పని కాదు. దానికి బదులు రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి ఉంచి, పొద్దున మజ్జిగ, ఉల్లిపాయతో చద్దన్నం పెట్టేయండి. మటన్ మిగిలింది కదాని పొద్దున్నే వేడిచేసి పెట్టకండి. మధ్యాహ్నానికి మిరియాల చారు, మెత్తటి అన్నం చాలు.

సిద్దిపేట_శీను

పద్మక్కా, ఆఖరిది. ఓఆర్‌ఎస్ రాత్రే కలిపి పెట్టొచ్చా? పొద్దుగాల నేను లేస్తనో లేదో.

ఫార్మసీ_పద్మ

పెట్టొచ్చు. కాచి చల్లార్చిన నీళ్లతో కలిపి మూతపెట్టండి, 24 గంటలు దాటితే పారబోయండి. పది లీటర్లూ ఒకేసారి కలపకుండా ముందు మూడు లీటర్లు కలపండి. మిగిలిన ప్యాకెట్లు, కొలతకు ఒక లీటరు సీసా పక్కన పెడితే మీకంటే ముందు లేచినవాళ్లు కలుపుకుంటారు.