మొదటి ఉద్యోగానికి పాత పన్ను విధానం అవసరమా? పాలసీ కట్టాలా, వద్దా?

పటమట_కొత్త_ఉద్యోగిని:
అందరికీ నమస్కారం. 2025 అక్టోబరు 1న విజయవాడలో ఒక సంస్థలో చేరాను. జీతం నెలకు అన్నీ కలిపి 68,000. అందులో మూలవేతనం 34,000, ఇంటి అద్దె భత్యం 13,600. పటమటలో 9,000 అద్దెకు ఉంటున్నాను. పాత పన్ను విధానం కావాలో కొత్తది కావాలో శుక్రవారంలోగా రాసిమ్మని ఆఫీసులో పత్రం ఇచ్చారు. మా బాబాయి బీమా ఏజెంటు. పాత విధానం పెట్టుకుని ఏడాదికి 60,000 ప్రీమియంతో ఇరవై ఏళ్ల పాలసీ తీసుకోమంటున్నారు, లేకపోతే జీతం పన్నుకే పోతుందట. నాన్నదీ అదే మాట. ఇంటి మనిషి చెప్పినదాన్ని కాదనాలంటే నా దగ్గర లెక్క ఉండాలి కదా. అది లేదు.

అరండల్‌పేట_ఖాతాలు:
లెక్క నేను చెబుతానమ్మా. గుంటూరులో రోజూ నా పని ఇదే.

పాత విధానంలో అద్దె, పొదుపు లాంటివాటికి మినహాయింపులు ఉంటాయి. కొత్తదానిలో అవి దాదాపు ఉండవు, రేట్లు తక్కువ. ముందు ఈ ఏడాది సంగతి. పన్ను వేసేది ఏప్రిల్ నుంచి మార్చి దాకా వచ్చిన ఆదాయం మీద. మీరు చేరింది అక్టోబరులో కాబట్టి వచ్చేది ఆరు నెలల జీతం, 4,08,000. పాత విధానంలో 50,000 స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్లందరికీ ఉండే మినహాయింపు) తీసేస్తే 3,58,000. అక్కడ ఐదు లక్షలలోపు ఆదాయానికి రిబేటు ఉంది కాబట్టి పన్ను సున్నా. కొత్త విధానంలోనూ సున్నాయే. సున్నాలోంచి ఏ పాలసీ ఏమి తగ్గిస్తుంది?

వచ్చే ఏడాది పూర్తి జీతం 8,16,000 వస్తుందనుకుందాం. 2025-26 రేట్లతోనే చూస్తే, కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోను 7,41,000. పన్ను వేయదగిన ఆదాయం 12 లక్షలు దాటనంతవరకు సెక్షన్ 87ఎ రిబేటు మొత్తం పన్నును తీసేస్తుంది. మళ్లీ సున్నా. ఇక పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50,000, అద్దె భత్యం మినహాయింపు 67,200, వృత్తి పన్ను 2,400 పోను, పొదుపులకు మినహాయింపు ఇచ్చే సెక్షన్ 80సీలో పీఎఫ్‌తో కలిపి లక్షన్నర పూర్తిగా నింపారనుకోండి. అప్పటికీ 5,46,400 మిగులుతుంది. సెస్సుతో 22,651 కట్టాలి. అంటే బాబాయిగారి మాట వింటే పాలసీ డబ్బూ కట్టాలి, పన్నూ కట్టాలి.

మినహాయింపుకూ రిబేటుకూ తేడా గుర్తుంచుకోండి. మినహాయింపు ఆదాయాన్ని తగ్గిస్తుంది, రిబేటు నేరుగా పన్నునే తగ్గిస్తుంది. అయితే షేర్లు అమ్మిన లాభంపై ప్రత్యేక రేటుతో పడే పన్నుకు కొత్త విధానంలో ఈ రిబేటు వర్తించదు.

బ్రాడీపేట_విశ్రాంత_ఉద్యోగి:
ఖాతాలవారి లెక్కలో తప్పు లేదు. కానీ ఆయన చూసింది పన్ను ఒక్కటే.

నేను ఉద్యోగం చేసిన రోజుల్లో సెక్షన్ 88 ఉండేది. పొదుపు చేసిన దానిలో కొంత శాతం నేరుగా పన్నులోంచి తగ్గేది. 2005లో దాన్ని తీసేసి 80సీ తెచ్చారు. పేరు మారినా మమ్మల్ని ఏటా ఫిబ్రవరిలో పోస్టాఫీసు ముందు నిలబెట్టింది ఆ భయమే. పన్ను పోతుందన్న భయంతో కొన్న ఎన్ఎస్‌సీలు (పోస్టాఫీసు పొదుపు పత్రాలు), కట్టిన పీపీఎఫ్ (ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు ఖాతా) లేకపోతే మా అమ్మాయి చదువు లేదు, ఈ ఇల్లూ లేదు. నాకు స్వతహాగా పొదుపు గుణం లేదు, చట్టం నా చేత చేయించింది. కొత్త విధానంలో ఆ ఒత్తిడి పోయింది. ఇరవై మూడేళ్ల పిల్ల చేతికి 60,000 మిగిలితే అది మార్చి దాకా ఉంటుందా? ఫోనులో నెలవారీ వాయిదాలు ఇప్పించే అంగళ్లకే పోతుంది. అందుకే పాలసీ కట్టమంటాను.

గుంటూరు_నుంచి_గచ్చిబౌలి:
కొత్త విధానమే అందరికీ మేలని ఎవరూ అనుకోకూడదని రాస్తున్నాను. నా జీతం ఏడాదికి 18 లక్షలు. హైదరాబాదులో నెలకు 35,000 అద్దె. గుంటూరులో అమ్మానాన్న ఉంటున్న ఇంటి రుణానికి వడ్డీ రెండు లక్షల పైనే. అద్దె మినహాయింపు 3,30,000, వడ్డీ 2,00,000, 80సీ లక్షన్నర, ఎన్‌పీఎస్ (పింఛను పథకం) 50,000, నాకూ తల్లిదండ్రులకూ ఆరోగ్య బీమా 75,000, వీటికి స్టాండర్డ్ డిడక్షన్, వృత్తి పన్ను కలిపితే పాత విధానంలో పన్ను 1,05,061. కొత్తదానిలో 1,50,800. నేను పాతదే ఎంచుకున్నాను. పన్ను కోసం వీటిలో ఒక్క ఖర్చూ పెట్టలేదు, ఎటూ పెట్టాల్సినవే. చెల్లెమ్మకు అలాంటివి ఇంకా లేవు.

సత్యనారాయణపురం_అద్దెవాసి:
ఇంకో మాట. ఏడాది అద్దె లక్ష దాటితే ఇంటి యజమాని పాన్ ఇవ్వాలి. యజమాని ఇవ్వనంటే "8,300కు రసీదు రాయించుకో" అని సలహా ఇచ్చేవారు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. దయచేసి వినకండి. కట్టని అద్దెను కట్టినట్టు చూపి పట్టుబడితే, తప్పుడు వివరాలతో ఎగ్గొట్టిన పన్నుకు రెట్టింపు జరిమానా పడుతుంది. ఉద్యోగ జీవితం దొంగ రసీదుతో మొదలవడం నాకు మింగుడు పడదు.

అరండల్‌పేట_ఖాతాలు:
బ్రాడీపేట పెద్దాయన గారికి. మీ పొదుపు మీద నాకు గౌరవం ఉంది. కానీ మీరు కొన్నది ఎన్ఎస్‌సీ, పీపీఎఫ్. ఈ అమ్మాయికి చెబుతున్నది ఇరవై ఏళ్ల పాలసీ. రెండూ ఒకటి కావు. పీపీఎఫ్‌లో ఏడాదికి 500 కట్టినా ఖాతా నిలుస్తుంది, చేతిలో ఉన్న ఏడాది లక్షన్నర దాకా వేసుకోవచ్చు. వడ్డీ మీద ఏ విధానంలోనూ పన్ను లేదు. పాలసీని రెండో ఏడో మూడో ఏడో ఆపేస్తే కట్టినదంతా తిరిగి రాదు. ఉద్యోగం మారినప్పుడు, పెళ్లి ఖర్చు వచ్చినప్పుడు మధ్యలో ఆగిపోయిన పాలసీ కాగితాలు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేవారిని మీరు చూడలేదు, నేను చూస్తున్నాను. ఆ ముఖాలు గుర్తొచ్చే ఇంత గట్టిగా మాట్లాడుతున్నాను. ఆరోగ్య బీమా మాత్రం పన్నుతో సంబంధం లేకుండా తీసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంలపై జీఎస్టీ కూడా లేదు.

బెంజిసర్కిల్_దెబ్బతిన్నవాడు:
విధానాల గొడవలో అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. అమ్మాయ్, అక్టోబరుకు ముందు ఎక్కడైనా పనిచేశావా?

2024-25లో నేను ఆరు నెలలు ఒకచోట 1,10,000 జీతానికి, తర్వాతి ఆరు నెలలు మరోచోట 1,25,000 జీతానికి చేశాను. పాత జీతం వివరాలు కొత్త ఆఫీసుకు ఇవ్వలేదు, వాళ్లూ అడగలేదు. వాళ్ల లెక్కలో నా ఆదాయం ఏడున్నర లక్షలే కాబట్టి రూపాయి కూడా కోయలేదు. అదృష్టమనుకున్నాను. జూలైలో రిటర్ను నింపుతుంటే రెండు జీతాలూ ఒకచోట చేరాయి. స్టాండర్డ్ డిడక్షన్ ఒక్కసారే, రిబేటు లేదు. మొత్తం పన్ను 1,11,280. మొదటి సంస్థ కోసిన సుమారు 46,000 పోను దాదాపు 65,000 ఒకేసారి కట్టాలి, ఆపైన వడ్డీ. ఆ నెల ఇంటికి డబ్బు పంపలేకపోయాను.

ఫారం 12బీ అని ఉంటుంది. చేరిన రోజే అడిగి తీసుకుని, పాత జీతం, కోసిన టీడీఎస్ (జీతంలోంచి ముందే కోసే పన్ను) రాసివ్వాలి. పాత సంస్థ కోసింది 26ఏఎస్‌లో (నీ పేరున జమైన పన్నుల పట్టికలో) కనబడుతుందో లేదో కూడా చూసుకో. కోసి జమ చేయకపోతే అడగాల్సింది నువ్వే.

పటమట_కొత్త_ఉద్యోగిని:
అన్నయ్యా, మీరు అడగకపోతే నాకు తట్టేదే కాదు. ఏప్రిల్ నుంచి జూలై దాకా హైదరాబాదులో నెలకు 25,000కు చేశాను. అది చిన్న పని, లెక్కలోకి రాదనుకున్నాను. కలిపితే 5,08,000.

అరండల్‌పేట_ఖాతాలు:
అయినా పన్ను సున్నాయే. కానీ రాసివ్వండి. అక్కడ టీడీఎస్ కోసి ఉంటే రిటర్ను వేస్తేనే తిరిగి వస్తుంది. ఇంకో సంగతి, ఇప్పుడు ఆఫీసుకు రాసిచ్చేది నెలనెలా కోత కోసమే. వ్యాపార ఆదాయం లేని జీతగాళ్లు రిటర్ను వేసేటప్పుడు విధానం మార్చుకోవచ్చు. పాతది కావాలంటే మాత్రం గడువులోపలే వేయాలి.

బ్రాడీపేట_విశ్రాంత_ఉద్యోగి:
పాలసీ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పొదుపు మాట తీసుకోను. పాలసీ వద్దన్నవారు ప్రీమియం కింద నెలకు పోయే ఆ 5,000 ఎక్కడికి పోవాలో కూడా అమ్మాయికి చెప్పాలి. పన్ను లేదని చెప్పి వదిలేస్తే సగం సలహా ఇచ్చినట్టే.

పటమట_కొత్త_ఉద్యోగిని:
మామయ్యగారూ, మీ మాట నాకు పట్టింది. పత్రంలో కొత్త విధానం రాసి ఇచ్చాను. ఫారం 12బీ అడిగితే ఆఫీసులో కాస్త వెతికి ఇచ్చారు. శనివారం పోస్టాఫీసుకు వెళ్లి పీపీఎఫ్ ఖాతా తెరుస్తాను, జీతం పడిన రోజే నెలకు 3,000 అందులో వేస్తాను. మిగతా 2,000 అమ్మానాన్నల ఆరోగ్య బీమాకు. ఈ లెక్కంతా కాగితం మీద రాసి ఆదివారం బాబాయి ముందు పెట్టబోతున్నాను. నాన్న పక్కనే ఉంటారు. ఆయన చదవాలని 22,651 దగ్గర ఎర్ర గీత గీశాను.