చీనీ తోటకు మినీ ట్రాక్టర్: ఏది తీసుకోవాలి, వెనక ఎంత బరువు తగిలించొచ్చు?

నార్పల రైతుబిడ్డ:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా నార్పల దగ్గర. ఐదెకరాల చీనీ (బత్తాయి), ఇంకో రెండెకరాల చేను ఉంది, చేన్లో శెనక్కాయ వేస్తాం. ఇన్నేళ్లూ బాడుగ ట్రాక్టర్లతోనే నెట్టుకొచ్చాం. పెద్ద ట్రాక్టర్ తోటలోకి వస్తే కొమ్మలు విరుగుతున్నాయి, కాయ రాలుతోంది, డ్రిప్ పైపులు నలిగిపోతున్నాయి, పైగా అదును మీద అడిగితే ఎవరూ రారు. అందుకే మినీ ట్రాక్టర్ తీసుకుందామని గట్టిగా అనుకుంటున్నాం.

ఒకవైపు కొత్తది, 24 హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవ్, కుబోటా బి2441 గానీ మహీంద్రా జీవో 245 గానీ. ఇంకోవైపు తెలిసినవాళ్ల దగ్గర 15 హెచ్‌పీ టూ వీల్ డ్రైవ్ సెకండ్ హ్యాండ్‌లో సగానికన్నా తక్కువకే వస్తోంది. నాన్న దానివైపే మొగ్గుతున్నాడు. తోటలో రోటవేటర్ తోలాలి, మందు కొట్టడానికి 300 లీటర్ల ట్యాంకు ఉన్న బ్లోయర్ స్ప్రేయర్ (ఫ్యాను గాలితో మందు చిమ్మేది) వెనక తగిలించాలి. మా పెదనాన్న తన పెద్ద ట్రాక్టర్ రోటవేటర్ ఊరికే ఇస్తానంటున్నాడు, అది సరిపోతుందా?

ఇంకొకటి. ఎండు తెగులుతో కొన్ని చెట్లు చచ్చిపోయాయి, మొద్దులు అలాగే ఉన్నాయి. ట్రాక్టర్ వచ్చాక చైన్ కట్టి మనమే పీకేద్దాం, టాప్ లింక్ (వెనక పనిముట్టును పైన పట్టుకునే కడ్డీ) దగ్గర కడితే పట్టు బాగుంటుందని మా మామ అంటున్నాడు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

తాడిపత్రి మెకానిక్:

తమ్ముడూ, ట్రాక్టర్ సంగతి తర్వాత, ముందు ఆ మొద్దుల సంగతి. టాప్ లింక్ దగ్గర చైన్ కట్టి దేన్నీ లాగొద్దు. మీ మామకు నా మాటగా చెప్పు, బాధపడినా ఫరవాలేదు.

ఎందుకో చెప్తా. మొద్దు కదలకుండా బిగిసిపోయి, చక్రాలకు నేల పట్టు బాగా దొరికిందనుకో, ఇంజన్ బలం ఎక్కడికీ పోలేక వెనక యాక్సిల్ చుట్టూ బండినే పైకి తిప్పుతుంది, ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. చైన్ యాక్సిల్ కంటే కింద, డ్రాబార్‌కు (ట్రాలీ లాగడానికి వెనక కింద ఉండే పట్టీకి) ఉంటే, ముందు లేచేకొద్దీ చైన్ కట్టిన చోటు నేల వైపు దిగుతుంది, లాగుడు తగ్గుతుంది, అంటే బండి తనను తాను కొంత కాపాడుకుంటుంది. అదే యాక్సిల్ కంటే పైన కడితే చైనే బండిని వెనక్కి గుంజుతుంది. అప్పుడు క్లచ్ తొక్కేంత టైం కూడా ఉండదు, సెకను అటూ ఇటూలో స్టీరింగ్ వచ్చి మనిషి మీద పడుతుంది. మినీ ట్రాక్టర్ తేలిక కాబట్టి ఏమీ కాదనుకుంటారు, తేలిక కాబట్టే ఇంకా తొందరగా లేస్తుంది. మా చుట్టుపక్కల ఒకాయన వేపమొద్దు లాగబోయి ఇలాగే పోయాడు, ఇంట్లోవాళ్లు చూస్తుండగానే.

చీనీ మొద్దు వేర్లు పక్కలకు పాకి ఉంటాయి, బయటికి చిన్నదిగా కనిపిస్తుంది గానీ వదలదు. గంటల లెక్కన జేసీబీ పిలిచి అన్నీ ఒకేసారి తీయించు. వదులుగా ఉన్న కొమ్మో దుంగో లాగాలంటే డ్రాబార్‌కే కట్టు, చైన్ ముందు బిగుసుకోనిచ్చి చిన్న గేరులో మెల్లగా కదిలించు. వదులు చైన్‌తో ఒక్కసారిగా జెర్క్ ఇవ్వొద్దు, తెగితే తిరిగొచ్చి తగులుతుంది. చుట్టూ పిల్లలు, కుక్కలు ఏవీ లేకుండా చూసుకో.

ఇక పెద్ద రోటవేటర్. ఊరికే వస్తున్నా వద్దు. మినీ ట్రాక్టర్ లింకులు, అంటే వెనక పనిముట్టు తగిలించే చేతులు, కేటగిరీ 1 సైజు, కింది పిన్ను 22 మి.మీ., టాప్ లింక్ పిన్ను 19. పెద్ద ట్రాక్టర్ల సామాను చాలావరకు కేటగిరీ 2, కింది పిన్ను 28, పైది 25, అంటే నీ లింకు రంధ్రంలో అది దూరదు. వెల్డింగ్ షాపులో పిన్ను మార్పిస్తే తగిలించొచ్చు, కానీ ఆ బరువు, ఆ వెడల్పు 24 హెచ్‌పీ మోయలేదు. ఇంజన్ 24 అయితే పీటీఓ (వెనక పనిముట్టును తిప్పే షాఫ్ట్) దగ్గరికి వచ్చేది అంతకంటే తక్కువే. మూడు, మూడున్నర అడుగుల రోటవేటర్ నీకు సరి. వెనక టైర్ల గుర్తులు చెరిగేంత వెడల్పు ఉందో లేదో చూసుకో.

పులివెందుల తోట అక్క:

మాకు చీనీ, అరటి రెండూ ఉన్నాయి, మినీ ట్రాక్టర్ మూడో సంవత్సరం వాడుతున్నాం. అన్న చెప్పినదానికి బరువు లెక్క ఒకటి కలుపుతాను, ఎందుకంటే షోరూంలో ఇది సరిగ్గా చెప్పరు.

నువ్వు చెప్పిన రెండు కొత్త బండ్లకూ లిఫ్ట్ 750 కిలోలని రాసి ఉంటుంది. ఆ అంకె కింది లింకుల చివర, పిన్ను దూరే బాల్ దగ్గర కొలిచింది. స్ప్రేయర్ ట్యాంకు బరువు అక్కడ ఉండదు, ఇంకో రెండడుగులు వెనక్కి ఉంటుంది. వెనక్కి పోయేకొద్దీ లేపగలిగేది తగ్గుతుంది. టెస్ట్ రిపోర్టులో లింకు చివర ఎంత, దానికి 610 మి.మీ. వెనక ఎంత అని రెండూ విడిగా ఉంటాయి, డీలర్‌ను ఆ కాగితం అడుగు. 300 లీటర్లంటే నీళ్లే 300 కిలోలు, ట్యాంకు, పంపు, ఫ్యాను కలిస్తే నాలుగొందలు దాటొచ్చు. హైడ్రాలిక్ లేపుతుంది, సరే. మరి ముందు చక్రాల సంగతి? మొత్తం బరువులో కనీసం ఐదో వంతు ముందు యాక్సిల్ మీద ఉండాలి, లేకపోతే గట్టు ఎక్కేటప్పుడు స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. మేము 200 లీటర్ల ట్యాంకు తీసుకుని ముందు బంపర్‌కు వెయిట్లు వేయించాం. ఒకసారి ఎక్కువ నింపుకునే పని లేకుండా తోట చివర నీళ్ల డ్రమ్ములు పెట్టుకున్నాం. ఎక్కువ మందు ఒకేసారి పోవాలంటే చక్రాల మీద లాక్కెళ్లే స్ప్రేయర్ మేలు, దాని బరువు లింకుల మీద పడదు.

బ్లోయర్ స్ప్రేయర్ 15 హెచ్‌పీతో కాదు తమ్ముడూ. ఫ్యాను తిప్పడానికే దాని సత్తువ అయిపోతుంది, ఆకు అడుగున మందు పడదు, కాయ మీద మంగు (నల్లి వల్ల వచ్చే మచ్చ) అలాగే ఉంటుంది.

చీనీ తోటకు ఇంకో రెండు చూడు. సైలెన్సర్ నిటారుగా పైకి ఉంటే కొమ్మలకు తగిలి ఆకు మాడుతుంది, కిందికి ఉన్నది అడుగు. రెండోది వెనక రోల్ బార్, బండి బోల్తా పడితే మనిషిని కాపాడే కమ్మీ. మడిచేది వస్తుంది, చెట్ల కింద దూరేటప్పుడు మడవాలి. బార్ నిలబెట్టి ఉంటే సీటు బెల్టు పెట్టుకోవాలి, బార్ మడిచి ఉంటే బెల్టు పెట్టుకోకూడదు. బోల్తా పడితే బార్ లేనప్పుడు బెల్టు మనిషిని బండి కిందే కట్టేస్తుంది. తోట దాటి గట్టు మీదికి వచ్చే ముందు ఆగి బార్ లేపి బెల్టు పెట్టుకోమని మా డ్రైవర్‌కు ఎంత చెప్పినా బద్ధకం, ఇప్పుడు నేను గేటు దగ్గరే నిలబడి చూస్తాను.

కోడుమూరు నల్లరేగడి:

అందరూ 24 ఫోర్ వీల్ అంటున్నారు గానీ నాకు కొంచెం వేరే అభిప్రాయం. మాది కర్నూలు జిల్లా, నల్లరేగడి. వాన పడ్డాక మా నేలలో టూ వీల్ మినీ దిగబడితే దాన్ని లాగడానికి ఇంకో ట్రాక్టర్ కావాలి, అక్కడ ఫోర్ వీల్ తప్పదు. నార్పల ఎర్రనేల అలా కాదు. శెనక్కాయలో గుంటక తోలడం, ఐదు పళ్ల కల్టివేటర్, చిన్న ట్రాలీలో ఎరువు మోయడం, ఇంతే అయితే 15 హెచ్‌పీ చాలు, అప్పు లేకుండా బతకొచ్చు. కానీ నీకు బ్లోయర్ కావాలంటున్నావు కాబట్టి ఆ అక్క చెప్పిందే నిజం. పనిముట్టు ఏదో ముందు తేల్చుకుని దానికి తగ్గ బండి చూడు, బండి కొని పనిముట్టు వెతకొద్దు.

సెకండ్ హ్యాండ్ చూడ్డానికి వెళ్తే వెనక ఏదైనా బరువు తగిలించి పైకి లేపించి ఇంజన్ ఆపించు. పది నిమిషాల్లో అది కిందికి జారిపోతుంటే హైడ్రాలిక్‌లో పని ఉంది. లింకు బాల్ రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి అరిగాయేమో వేలు పెట్టి చూడు. ట్రాలీ కూడా ఇస్తానంటే దాని రిజిస్ట్రేషన్ కాగితం వేరేగా ఉంటుంది, అదీ అడుగు.

కొత్తదానికే వెళ్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, పాత కొటేషన్ పట్టుకుని బేరం చేయొద్దు. సబ్సిడీ ఉందేమో రైతు సేవా కేంద్రంలో కనుక్కో.

నార్పల రైతుబిడ్డ:

అందరికీ చాలా థ్యాంక్స్. మామకు ఆ రిప్లై చదివి వినిపించాను, సరే జేసీబీయే పిలుద్దాం అన్నాడు. నాన్నకు బ్లోయర్ లెక్క చెప్పాక 24 వైపు వచ్చాడు. ఇంకొక్క డౌట్. తోటలో ఎక్కువసార్లు నేనొక్కడినే ఉంటాను, రోటవేటర్ తీసి స్ప్రేయర్ ఒక్కడే తగిలించుకోవచ్చా? బాడుగ డ్రైవర్లు వెనక ఒక మనిషిని నిలబెట్టి రివర్స్ వస్తారు, అది చూస్తేనే నాకు టెన్షన్.

తాడిపత్రి మెకానిక్:

ఒక్కడే తగిలించడమే మంచిది తమ్ముడూ. ట్రాక్టర్‌కూ పనిముట్టుకూ మధ్య మనిషి నిలబడి ఉండగా రివర్స్ రావడం అసలు వద్దు, క్లచ్ మీద కాలు జారితే చాలు.

చదునైన చోట పెట్టు. లింకులు కిందికి దించి మెల్లగా రివర్స్ వచ్చి పిన్నులకు బెత్తెడు దూరంలో ఆగు. హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్ చేసి, ఇంజన్ ఆపి దిగు. ముందు ఎడమ లింకు ఎక్కించు, దాన్ని పెంచడం తగ్గించడం ఉండదు. తర్వాత కుడిది, దానికి పైన తిప్పే హ్యాండిల్ ఉంటుంది, కొంచెం తిప్పి ఎత్తు సరిచేస్తే పిన్ను దానంతట అదే దూరుతుంది. టాప్ లింక్ చివర్లో. ప్రతి పిన్నుకూ లాక్ క్లిప్ ఉండాలి, మేకు, బైండింగ్ వైరు పెట్టొద్దు. రంధ్రం సరిపోయిందా అని వేలితో తడమొద్దు, కన్ను చాలు. రోటవేటర్‌కు చెక్ చైన్లు (లింకులు పక్కలకు ఊగకుండా పట్టేవి) బిగువుగా ఉంచు, కల్టివేటర్‌కు కొంచెం ఆడనివ్వు. పని అయ్యాక పనిముట్టును నేల మీదికి దించే వదిలిపెట్టు. పైకి లేపి కింద దూరి బ్లేడ్లు మార్చాలంటే హైడ్రాలిక్‌ను నమ్మకుండా లావుపాటి చెక్క దిమ్మెలు పెట్టు, ఇటుకలు పగిలిపోతాయి.

నేర్చుకోవాలనుంటే మీకు గార్లదిన్నె దగ్గరే. అక్కడి ట్రాక్టర్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షల సంస్థ ఉంది, రైతులకు శిక్షణ ఇస్తారు. ఒకసారి వెళ్లి అడిగిరా.

పులివెందుల తోట అక్క:

పీటీఓ గురించి ఎవరూ చెప్పలేదు. 540 అంటే నిమిషానికి 540, సెకనుకు తొమ్మిది చుట్లు. తువ్వాలు అంచు, లుంగీ, చున్నీ, చీర కొంగు, ఏది తగిలినా నువ్వు వదిలించుకునేలోపే మనిషిని లాక్కుంటుంది. షాఫ్ట్ మీది ప్లాస్టిక్ కవర్ అడ్డంగా ఉందని పీకేస్తుంటారు, కొత్తదానికి అస్సలు పీకనివ్వకు, పగిలితే మార్పించు. నువ్వు ప్యాంటు వేసుకుంటావేమో, మందు కలపడానికి, పైపులు జరపడానికి వచ్చే ఆడకూలీలు చీర మీదే వస్తారు. వాళ్లను ఆ షాఫ్ట్ దరిదాపులకు రానివ్వకు, దాని మీదుగా ఎవరినీ దాటనివ్వకు.

చీనీ తోటలో ఎక్కువగా వచ్చేది డ్రిప్ పైపు రోటవేటర్‌కు చుట్టుకోవడం. బండి ఆన్‌లో ఉండగానే కొడవలి పట్టుకుని కోయబోతారు. పీటీఓ ఆపు, ఇంజన్ ఆపు, తాళం జేబులో వేసుకో, బ్లేడ్లు పూర్తిగా ఆగాకే దగ్గరికి పో. అంతకంటే తోలే ముందే ఆ డ్రిప్ లేటరల్ పైపులు చెట్టు మొదటికి జరిపి పెట్టుకుంటే సగం పని తప్పుతుంది. వరుస చివర మళ్లేటప్పుడు రోటవేటర్ పైకి లేపితే షాఫ్ట్ వంపు ఎక్కువై క్రాసులు (షాఫ్ట్ కీళ్లు) పోతాయి, లేపే ముందే పీటీఓ ఆపేసెయ్.

బండి వచ్చాక ముందు బంపర్‌కు వెయిట్లు వేయించి, ట్యాంకు సగమే నింపి మీ తోటలో అన్నిటికంటే ఏటవాలుగా ఉన్న వరుసలో ఒకసారి మెల్లగా తోలి చూడు. ముందు చక్రాలు తేలికైనట్టు అనిపిస్తే ట్యాంకు ఎప్పుడూ ఆ సగం గీత దాటనివ్వకు.