సమస్య: “సవతి లేని రాజు సంతసించె”

నిర్వాహకుడు: ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇచ్చాను, మొదటి మూడూ మీరు పూరించాలి. మగవాడికి సవతేమిటని కంగారుపడకండి, చిక్కంతా అక్కడే ఉంది.

గోదారిగట్టు:

యాగమందు నిలిపె హాటక సీతను
మరలఁ బెండ్లి యనెడి మాట విడిచి
ఒక్క బాణ మొక్క యువిదయే వ్రతముగా
సవతి లేని రాజు సంతసించె

అశ్వమేధంలో రాముడు బంగారు సీతను పక్కన పెట్టుకున్నాడు కదండీ.

నిర్వాహకుడు: మూడో పాదం హాయిగా ఉంది. మొదటి పాదంలో యా–హా యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన మైత్రి, బాగా పట్టారు. కానీ సవతి ఎవరికి లేదు? ‘సీతకు’ అన్న మాట ఎక్కడా పడలేదు, అన్వయం రాజు మీదికే పోతోంది. పైగా యాగం నాటికి అసలు సీత వాల్మీకి ఆశ్రమంలో ఉంది. బొమ్మను చూసి సంతసించాడంటే నాకు మనసొప్పడం లేదు.

గోదారిగట్టు: నిజమేనండీ, తొందరపడ్డాను.

పాతపలక:

అవని రాజు పత్ని, యామెను గోరెడి
పరుఁడె సవతి వాని పాలి కెపుడు
యుద్ధమందు గెలిచి యుర్వి నేలెడు వేళ
సవతి లేని రాజు సంతసించె

అక్షింతలు: ధార బాగుంది గానీ, శత్రువును సవతి అనడం చెల్లుతుందా? మనం ఆడవాళ్ల విషయంలోనే అంటాం.

నిర్వాహకుడు: వాడుకలో అంతే. అయితే ‘సవతి’కి మూలం సపత్ని, అంటే ఒకే భర్త గల స్త్రీ. ప్రాకృతంలో సవత్తి అయి మన దాకా వచ్చింది. శత్రువుకు ‘సపత్నుడు’ అన్న మాట అమరకోశంలోనే ఉంది. మామూలుగా పుంలింగ శబ్దం నుంచి స్త్రీలింగం పుడుతుంది, ఇక్కడ తిరగబడింది. పాణిని వ్యాకరణానికి వ్యాఖ్య అయిన కాశికావృత్తి చెప్పిన ఒక పక్షం ‘సపత్నీవ సపత్నః’, సవతి లాంటివాడు గనుక సపత్నుడు. రాజుల పగకు పేరు కావాల్సి వస్తే అంతఃపురం గొడవే దొరికిందన్నమాట! భూమిని భార్యను చేశారు కాబట్టి ఈ పూరణలో సవతి చెల్లుతుంది.

అక్షింతలు: మన ‘దాయాది’ కూడా అంతేగా. ఆస్తిలో వాటాదారు కాస్తా పగవాడయ్యాడు. ఇండియా, పాకిస్తాన్ మ్యాచ్ వస్తే పేపర్లో ‘దాయాదుల పోరు’!

నిర్వాహకుడు: ఒక్క పేచీ మిగిలింది. గీత రెండో అధ్యాయంలో అర్జునుడు, ‘అసపత్నమైన’, అంటే శత్రువు లేని, రాజ్యం దక్కినా నా శోకం పోదంటాడు. గెలిచాక ధర్మరాజూ ఏడ్చాడు. మరి మీ పద్యంలో సంతసించిన రాజు ఎవరండీ?

పాతపలక: పేరు అనుకోలేదండీ. ‘యుర్వి’ దగ్గర యతి కుదిరేసరికి నేనే సంతసించాను.