ఇంట్లో తప్పిపోయిన పెంపుడు పామును వెతకడం ఎలా?

ప్రశ్న: ఫ్రిస్కో, టెక్సస్ నుంచి ఒక తల్లి

నమస్కారమండీ. మా అబ్బాయి మూడేళ్లుగా పెంచుకుంటున్న కార్న్ స్నేక్ శనివారం రాత్రి గాజుపెట్టెలో నుంచి బయటికి వెళ్లిపోయింది. నీళ్ల గిన్నె మార్చిన తర్వాత జాలీ మూతకున్న రెండు క్లిప్పుల్లో ఒకటి సరిగా పడలేదని, ఆ మూల వేలు దూరేంత సందు మిగిలిపోయిందని మాకు మర్నాడు ఉదయం గానీ తెలియలేదు. పాము పొడవు మూడున్నర అడుగులు ఉంటుంది. నారింజ రంగు ఒంటి మీద ఎర్రటి మచ్చలు, వాటి చుట్టూ నల్లటి అంచు ఉంటాయి. విషం లేదు, ఇంతవరకూ ఎవరినీ కరవలేదు. చివరిసారి మేత పెట్టి తొమ్మిది రోజులైంది.

ఆదివారమంతా మంచాలు జరిపి, బట్టల అలమరలు ఖాళీ చేసి, మేడ మీదా కిందా గాలించినా జాడ దొరకలేదు. మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి వారమే అయింది. ప్రతి ఏడాదీ నాగుల చవితికి పుట్టలో పాలు పోసే మనిషి, ఇప్పుడు కింది గదిలో మంచం దిగడానికే భయపడుతున్నారు. చీకటి పడ్డాక దాని పేరు కూడా ఎత్తవద్దని, 'పురుగు' అనమని మమ్మల్ని బతిమాలుతున్నారు. మరోవైపు మా అబ్బాయి రెండు రోజులుగా సరిగా అన్నం తినడం లేదు. మావారు వేడిని చూపించే కెమెరా అద్దెకు తెస్తానంటున్నారు. ఎక్కడ వెతకాలో, ఏ పద్ధతిలో వెతకాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

మొదటి సమాధానం: పన్నెండేళ్లుగా పాములు పెంచుతున్న వ్యక్తి

అమ్మా, ముందుగా మీ అబ్బాయికి ధైర్యం చెప్పండి. ఆ వయసు కార్న్ స్నేక్ కొన్ని వారాల పాటు మేత లేకున్నా తట్టుకుంటుంది కాబట్టి రెండు రోజులకు దానికి వచ్చే ముప్పేమీ లేదు. నీళ్లు మాత్రం దొరకాలి. అందుకని ప్రతి గదిలోనూ గోడవారగా ఒక పళ్లెంలో నీళ్లు పెట్టండి.

కెమెరా మీద డబ్బు పెట్టవద్దు. పాముకు మనలాగా సొంత ఒంటివేడి ఉండదు, అది పడుకున్న చోటు ఎంత వేడిగా ఉంటే ఒళ్లూ అంతే వేడిగా ఉంటుంది కాబట్టి ఆ తెరమీద అది విడిగా కనిపించదు.

ఇప్పుడు పాము వైపు నుంచి ఆలోచించండి. దానికి కావలసింది చీకటి, ఒంటిని రెండు పక్కలా ఒత్తిపట్టే ఇరుకు, కాస్త వెచ్చదనం. ఎండాకాలమని మీరు ఏసీ వేసి ఇంటిని చల్లగా ఉంచుతారు గనుక అది వెచ్చని మూల కోసం తప్పకుండా వెతుక్కుంటుంది. ఫ్రిజ్ వెనక అడుగుభాగంలో మోటారు ఉండే చోటు, నీళ్లు కాచే హీటర్ చుట్టుపక్కల, ఇంటర్నెట్ పెట్టె వెనక, డిష్‌వాషర్ కింద అడ్డుపలక లోపల, సోఫా అడుగున చిరిగిన గుడ్డలో, అలమర అట్టడుగు సొరుగు వెనకనున్న ఖాళీలో చూడండి. సొరుగు లాగి చూస్తే సరిపోదు, పూర్తిగా బయటికి తీసి లోపలికి టార్చి వేయాలి. నా పాము ఒకసారి ఐదు రోజుల తర్వాత అలాంటి సొరుగు వెనకే, మడిచిన తువ్వాలులా చుట్టుకుని దొరికింది. అప్పటికి ఆ సొరుగును నేను మూడుసార్లు తెరిచి మూశాను.

కార్న్ స్నేక్ బాగా పైకి పాకుతుంది. పుస్తకాల వెనకా, కర్టెన్ మడతల్లోనూ, వంటింటి అలమరల పైకప్పు మీదా చూడటం మరవకండి. తల పట్టిన సందులో ఒళ్లంతా పట్టిస్తుంది కాబట్టి సింకు కింద గొట్టాలు గోడలోకి వెళ్లే రంధ్రాల చుట్టూ గుడ్డలు కుక్కండి. అయితే అన్నిటికన్నా ముందు గాజుపెట్టెనే మరోసారి, రంపపు పొట్టు గుప్పెడు గుప్పెడుగా తీసి చూడండి. వెళ్లిపోయిందనుకున్న పాము పొట్టు కిందే దొరకడం నేను రెండు ఇళ్లలో చూశాను.

పగలు ఇల్లు తలకిందులు చేయడం కన్నా రాత్రి పన్నే వలే ఎక్కువ పనిచేస్తుంది. పడుకునే ముందు ప్రతి గది తలుపూ మూసి, కింది సందులో తువ్వాలు దోపి, గుమ్మాల దగ్గరా గోడల వెంబడీ పలచగా గోధుమపిండి చల్లండి. పాము గది మధ్యలోంచి కాక గోడను ఆనుకునే నడుస్తుంది కాబట్టి తెల్లవారేసరికి పిండి మీద వంకర గీత ఉంటే అది ఏ గదిలో ఉందో తెలిసిపోతుంది. గోడవారగా గరగరలాడే పలచని ప్లాస్టిక్ కవర్లు పరిస్తే అది పాకినప్పుడు చప్పుడు వినవచ్చు. ఏసీ మరో రెండు డిగ్రీలు తగ్గించి, ఒక మూల హీటింగ్ ప్యాడ్ సన్నని సెగ మీద ఉంచి, దాని మీద బోర్లించిన అట్టపెట్టెకు చిన్న ద్వారం కోసి పెట్టండి. దీపాలు ఆర్పిన రెండు గంటల తర్వాత చెప్పులు లేకుండా, అడుగుల అదురు తెలియకుండా నడిచి టార్చితో చూడండి.

తొమ్మిది రోజుల ఆకలి మీకు కలిసివచ్చే విషయం. మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాకు పాము ఒంటికన్నా కొద్దిగా మాత్రమే పెద్దదైన రంధ్రం చేసి, ఫ్రీజర్‌లోని ఎలుకను వేడినీళ్లలో పూర్తిగా కరిగించి అందులో పెట్టండి. వాసన పట్టి లోపలికి వెళ్లి మింగిన పాము, ఉబ్బిన పొట్టతో అదే రంధ్రంలోంచి బయటికి రాలేదు. రంధ్రం అంచులు మాత్రం గీసుకోకుండా నున్నగా అరగదీయండి.

రెండో సమాధానం: ఆస్టిన్ నుంచి

పైవారు చెప్పినదానికి జాగ్రత్తలు కొన్ని కలుపుతాను, ఎందుకంటే తప్పిపోయిన పాములు చాలావరకు ఆకలితో కాదు, మన చేతుల్లోనే పోతాయి. అది దొరికేదాకా వాలుకుర్చీ సోఫాలను వెనక్కి వాల్చవద్దు, వాటి ఇనుపచట్రంలో పడి నలిగిపోతుంది. బట్టలు ఉతికే యంత్రం, ఆరబెట్టే యంత్రం వేసే ముందు ప్రతిసారీ లోపల చేయి పెట్టి తడిమి చూడండి. ఎలుకల కోసం పెట్టిన జిగురు అట్టలు ఏ మూలనైనా ఉంటే ఈ క్షణమే తీసేయండి. ఇప్పటికే అంటుకుపోయి ఉంటే లాగవద్దు, వంటనూనె కొద్దికొద్దిగా పోస్తూ విడదీయాలి.

పక్కింటివాళ్లకు ఫోటో చూపించి చెప్పండి. మన ప్రాంతంలో కాపర్‌హెడ్ అనే విషసర్పం ఉంది కనుక కార్న్ స్నేక్‌ను చూసి అదేననుకుని కొట్టి చంపేస్తారు. కాపర్‌హెడ్ పట్టీలు వెన్ను మీద సన్నగా ఉండి పక్కలకు వెడల్పవుతాయి, కార్న్ స్నేక్ మచ్చలు వెన్ను మీదే వెడల్పుగా ఉంటాయి, కడుపు కింద చదరంగపు గళ్లుంటాయి. రాత్రి టార్చి వెలుగులో కనిపించినది మీదేనని నిర్ధారించుకున్న తర్వాతే చేయి చాపండి.

మూడో సమాధానం: హైదరాబాద్ నుంచి

ఇది చదివే మన ఊరివారికి ఒక మనవి. ఇక్కడ చెప్పినవన్నీ, విషం లేదని తెలిసిన సొంత పాము విషయంలోనే పనికివస్తాయి. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం స్థానిక పాములను ఇంట్లో పెంచకూడదు. కాబట్టి ఇంట్లో పాము కనిపించిందంటే అది బయటి నుంచి వచ్చినదే, నాగుపామో కట్లపామో రక్తపింజరో కావచ్చు. దూరంగా నిలబడి, అది ఎటు వెళ్తుందో కనిపెట్టి చూస్తూ, అటవీశాఖకు గానీ పాములు పట్టేవారికి గానీ ఫోన్ చేయండి.

అమ్మా, మీ అత్తగారికి మాత్రం అది మన జెర్రిపోతుకు అక్కడి చుట్టమని చెప్పి చూడండి. తెనాలి వైపు పొలాల్లో జెర్రిపోతును చూడనివారు ఉండరు, అది కరిచినా మనిషి చావడని ఆవిడకు తెలిసే ఉంటుంది.

ప్రశ్న అడిగిన తల్లి, బుధవారం

దొరికిందండీ. మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

మంగళవారం ఉదయం వంటింటి గుమ్మం దగ్గర పిండి మీద వేలిమందం గీత, లోపలికి వెళ్లినట్టుగా కనిపించింది. బయటికి వచ్చిన గీత లేదు. అందుకని ఆ రాత్రి వంటింట్లోనే కవర్లు పరిచి, ఎలుక డబ్బా ఫ్రిజ్ పక్కన పెట్టాం. జెర్రిపోతు మాట విన్నాక మా అత్తగారు చాలాసేపు ఏమీ అనకుండా కూర్చుని, "అయితే విషం లేదన్నమాట" అని, తన పొలంలో గడ్డివాము కింద ఉండేదాని సంగతి మా అబ్బాయికి చెప్పడం మొదలుపెట్టారు. ప్రయాణపు అలసట తీరక ఆవిడకు ఇంకా రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. తెల్లవారుజామున రెండు గంటలకు కవరు గరగరలాడటం విన్నది ఆవిడే. కేక వేయలేదు, మెల్లగా వచ్చి మా తలుపు తట్టారు.

మేం వెళ్లేసరికి ఫ్రిజ్ వెనక నుంచి తలా మెడా బయటికి పెట్టి, డబ్బా వైపు నాలుక ఆడిస్తూ ఉంది. మా అబ్బాయి కింద కూర్చుని, చేతిని నేలకు ఆనించి ఉంచితే దాని మీదుగా తనంతట తానే పాకింది. మెడ చుట్టూ బూజు, దుమ్ము ఉండలు అతుక్కుని ఉన్నాయి. ఎడమ పక్కన గోరంత పొలుసులు లేచినట్టున్నాయి, రక్తం మాత్రం లేదు. పెట్టెలో వదలగానే నీళ్ల గిన్నెలో మూతి ముంచి రెండు నిమిషాల పాటు తాగింది. డబ్బాలో ఎలుక అలాగే ఉంది. ఇప్పుడు మేత పెట్టవచ్చా? ఆ పొలుసుల సంగతి ఏం చేయాలి?

మొదటి సమాధానం ఇచ్చిన వ్యక్తి

చాలా సంతోషం అమ్మా. ఆ ఎలుకను పారేయండి, రాత్రంతా బయట ఉన్నది పెట్టకూడదు. రెండు రోజులు దాన్ని ఎవరూ ముట్టుకోకుండా వెచ్చని మూలలో పడుకోనిచ్చి, శుక్రవారం కొత్తది, మామూలుకన్నా చిన్నది పెట్టండి. దుమ్మును గోరువెచ్చని నీళ్లలో తడిపిన మెత్తని గుడ్డతో తల నుంచి తోక వైపుకే తుడవండి, ఎదురు తుడిస్తే పొలుసులు ఇంకా లేస్తాయి. రేగినచోట వాపు గానీ రంగు మారడం గానీ కనిపిస్తే పాములను చూసే పశువైద్యుడి దగ్గరికి వెంటనే తీసుకువెళ్లండి. లేకపోతే వచ్చే కుబుసంతో అది సర్దుకుంటుంది. ఆ వదులు క్లిప్పు మాత్రం ఈ రోజే మార్చండి, ఒకసారి తెలిసిన మూలను అది మళ్లీ ముక్కుతో పొడిచి చూస్తుంది.