క్రూజ్ షిప్ ఒడిశాలోని మన గోపాలపురంలో ఒక పూట ఆగితే ఊరికి మంచిదేనా? మీరేటంటారు

పాతబస్టాండు:
అందరికీ నమస్కారమండీ, మాది బరంపురం. 2023లో చెన్నై నుంచి శ్రీలంకకి క్రూజ్ మొదలైనప్పుడు ఇంట్లో నలుగురం వెళ్ళేం, ట్రింకోమలీలో ఒక పూట ఆగింది. కోట లోపల్నుంచే కోనేశ్వరం గుడికి దారి, చుక్కల జింకలు మనుషుల మధ్యే తిరుగుతుంటాయి, పైకెళ్తే కొండ కొమ్మున గుడి, కింద అంతా నీలం సముద్రం. మా అమ్మ అక్కడ నిలబడి ఏడ్చేసింది. దిగొచ్చేటప్పుడు ఒకావిడ దగ్గర కొబ్బరి బొండాలు తాగేం, ఆవిడది తమిళం మాది తెలుగు, ఐనా పావుగంట మాట్లాడుకున్నాం. అప్పట్నుంచీ నాకొకటే ఆలోచన, వైజాగ్‌లో క్రూజ్ టెర్మినల్ వచ్చేసింది కదా, అక్కడ్నుంచి ఒక రాత్రి ప్రయాణం, మన గోపాలపురంలో ఎందుకు ఆగకూడదు? లైట్‌హౌస్ ఉంది, పాత పోర్టు స్తంభాలున్నాయి, పట్టుచీరలున్నాయి, మొగలి అత్తరుంది. ఏం తక్కువ?

ఆటో_గోపాలపురం:
అన్నా నూటికి నూరుపాళ్ళు నీ మాటే నా మాట. పూజా సెలవులకి బెంగాలీలు వస్తారు, జనవరి దాకా నడుస్తాది, తర్వాత ఆదివారం ఒక్కటే బేరం. మిగతా రోజుల్లో బీచ్ రోడ్డు మీద పడుకుంటాం. వెయ్యి మంది దిగితే అందులో యాభై మంది ఆటో ఎక్కినా చాలు, పిల్లల ఫీజులకి సరిపోతాది.

నోలియాసాహి:
పాతబస్టాండు అన్నకి ఒక్క ప్రశ్న. ట్రింకోమలీలో మీ నలుగురూ కలిసి ఆ ఊరివాళ్ళకి ఎంత డబ్బిచ్చారు? నిజం చెప్పాలి.

మాస్టారు_ఛత్రపురం:
గోపాలపురంలో ఓడ ఆగడం కొత్తేం కాదు బాబూ. మా తాత రంగం, అంటే బర్మా, వెళ్ళింది ఇక్కడ్నుంచే. స్టీమరు దూరంగా నిలబడేది, ఒడ్డు నుంచి మసూలా పడవలే దిక్కు. వాటికి మేకులుండవు, చెక్కల్ని పీచుతాడుతో కుట్టేవాళ్ళు, కెరటం కొడితే విరక్కుండా వంగుతాదని. తెడ్డేసింది మన నోలియా జాలర్లే. గంజాం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పట్నుంచీ, 1936లో ఒడిశాలో కలిసిన తర్వాత కూడా, ఎన్ని వేలమంది అలా వెళ్ళేరో. 1942లో జపాన్ వాళ్ళు రంగం పట్టుకున్నాక చాలామంది నడిచి తిరిగొచ్చేరు, కొందరు దారిలోనే పోయేరు. ఆ స్తంభాల దగ్గర సెల్ఫీ దిగేవాళ్ళకి ఈ సంగతి చెప్పే మనిషి ఒక్కడైనా ఉండాలి. ఓడ రావాలనే నేను కోరుకుంటున్నాను, కానీ దిగినవాళ్ళని నడిపించాలి, బస్సెక్కించి తారాతారిణి గుడికో చిలికాకో తోలేస్తే ఊరు చూసినట్టు కాదు.

పాతబస్టాండు:
నోలియాసాహి తమ్ముడూ, రాత్రి కూర్చుని మా ఆవిడతో లెక్కేసేను. బస్సు టూరు డబ్బు షిప్‌లోనే కట్టేసేం. తిండి షిప్‌లోనే. దిగడానికి లైను, మళ్ళీ ఎక్కడానికి లైను, మధ్యలో బస్సువాడు ఒక పెద్ద షాపు దగ్గర ముప్పావుగంట ఆపేసేడు. ఊరి మనిషి చేతిలో మేం పెట్టింది ఆ నాలుగు బొండాల డబ్బు, గుడి దగ్గర పూల డబ్బు. అంతే. అడిగేవు కాబట్టి చెప్తున్నాను, చెప్పడానికి నాకే బాధగా ఉంది.

నోలియాసాహి:
బాధ పెట్టాలని కాదన్నా. మా ఇంట్లో మూడు తరాల నుంచి వేటే. షిప్ ఏ నెల్లో వస్తాదో చెప్పండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కెరటాలకి మా తెప్పలే దాటలేవు. అక్టోబరంటే తుపాన్లు, ఫైలిన్ 2013 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు, వేరే చెప్పక్కర్లేదు. ఇంక మిగిలింది చలికాలమే కదా. నవంబరు 1 నుంచి మే 31 దాకా రుషికుల్యా నది మొగ చుట్టుపక్కల ఇరవై కిలోమీటర్లలోపు మా మరబోట్లకి వేట బంద్, తాబేళ్ళ కోసం. మేం ఒప్పుకుంటాం, అవి మాకు దేవుడితో సమానం, 2023లో ఆ ఒడ్డున ఆరు లక్షలకి పైగా వచ్చి గుడ్లు పెట్టేయి, మావాళ్ళే రాత్రిళ్ళు కాపలా కాసేరు. పిల్లలు గుడ్డులోంచి వచ్చేక వెలుతురు ఎటుంటే అటే పోతాయి, ఒడ్డున వీధిలైటు వెలిగినా దారి తప్పి రోడ్డెక్కేస్తాయి. ఏడు నెలలు మా బోటు ఒడ్డున బోర్లించి పెట్టి, అదే నీళ్ళలో రాత్రంతా దీపాలతో మిలమిలలాడే పన్నెండంతస్తుల షిప్ నిలబెడతారా? మాకో రూలు వాళ్ళకో రూలా?

ఆటో_గోపాలపురం:
సరుకు పోర్టుంది కదా, అక్కడ దింపితే?

నోలియాసాహి:
బొగ్గూ ఖనిజం దిగే జెట్టీ అది తమ్ముడూ, అక్కడ చంటిపిల్లల్తో ముసలోళ్ళని దింపుతారా? దింపినా గేటు దగ్గరే బస్సెక్కించేస్తారు, నీ ఆటో గేటు బయటే. పొడంపేట వెళ్ళి చూడు, సముద్రం తినేసిన ఇళ్ళ గోడలు కనపడతాయి. ఈ ఒడ్డున ఒక చోట గట్టు కడితే దక్షిణం వైపు ఇసక ఆగిపోతాది, ఉత్తరం వైపు ఒడ్డు కోసుకుపోతాది. షిప్ కోసం ఇంకో గట్టు అంటే నేనొప్పుకోను.

పాతబస్టాండు:
తాబేళ్ళ సంగతి నాకు తట్టనే లేదు, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను. పోనీ ఇలా ఐతే? షిప్ వైజాగ్‌లోనే ఆగుతాది, కావలసినవాళ్ళు అక్కడ్నుంచి రైల్లో బరంపురం వచ్చి ఒక రాత్రి గోపాలపురంలో ఉండి వెళ్తారు. రాత్రుంటే తిండి ఇక్కడే తినాలి, ఆటో ఇక్కడే ఎక్కాలి.

ఆటో_గోపాలపురం:
షిప్ వాళ్ళు అంత టైమిస్తారా అన్నా? మీ అందరికీ ఉద్యోగాలున్నాయి, తాబేలు గురించి మాట్లాడొచ్చు. నాకు నెల నెలా ఫైనాన్స్ కట్టాలి. నేనైతే షిప్ రావాలనే అంటాను, నెలకొక్కటైనా.

నోలియాసాహి:
నాకెక్కడి ఉద్యోగం తమ్ముడూ, బంద్ నెలల్లో కేరళ బోట్లకి కూలికెళ్తున్నాను. నీ అవసరం నాకు తెలుసు. రాత్రి ఉండేవాళ్ళెవరైనా వస్తే మా సాహికి, అదే మా వీధికి, తీసుకురా, పొద్దున్న అయిదింటికి వల లాగడం చూపిస్తాను, చేప మా అమ్మ వండుతాది. ఆటో బేరం నీది, చేపల డబ్బు మాది. దీనికి షిప్ అక్కర్లేదు, వచ్చే ఆదివారం నుంచే మొదలెట్టొచ్చు.

మాస్టారు_ఛత్రపురం:
ఆదివారం నేనూ వస్తాను. స్తంభాల దగ్గర రంగం కథ నేను చెప్తాను.