అమ్మానాన్నలతో విదేశాలకు వెళ్లినప్పుడు అక్కడి తీపి వంటకాలు ఎలా తినిపించారు? (చర్చ)

కిటికీసీటు:
వేసవిలో అమ్మను తీసుకుని ఇస్తాంబుల్, అక్కడి నుంచి వియన్నా వెళ్తున్నాను. అమ్మకు 68 ఏళ్లు. షుగర్ ఉంది, మాత్రలతో అదుపులోనే ఉంది. మాంసం, గుడ్డు ముట్టదు. తీపి అంటే మాత్రం ప్రాణం. "కోటలు ఫొటోల్లో చూస్తాలే, అక్కడివాళ్లు తినే స్వీటు తినకుండా వస్తే ఆ ఊరు వెళ్లినట్టా?" అని ఇప్పటి నుంచే అంటోంది. పెద్దవాళ్లతో తిరిగినవాళ్లు మీ అనుభవాలు చెప్పండి. "తప్పక తినాల్సిన పది" లాంటి లిస్టులు వద్దు, అవి చాలా చూశాను. మీ అమ్మానాన్నలకు ఏది నచ్చింది, ఏది పడలేదు, లోపల ఏముందో ఎలా కనుక్కున్నారు, అవి కావాలి.

రెండోకప్పు:
ఇస్తాంబుల్ మా అమ్మతో వెళ్లాను, తనూ గుడ్డు తినదు. ముందు బక్లావా సంగతి. అందరూ అది పిండి, నెయ్యి, పిస్తా, పాకమే కదా అనుకుంటారు. ఆ పల్చటి పొరల పిండిలో గుడ్డు కలపడం మామూలే, ముఖ్యంగా గాజియాంతెప్ పద్ధతిలో. 2013లో యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు ఇచ్చింది ఆ ఊరి బక్లావాకే. కాబట్టి కొనేముందు అడగండి. "యుముర్తా వార్ మ?" అంటే గుడ్డు ఉందా అని. మా అమ్మ ఇది బట్టీపట్టి, నన్ను పక్కకు జరగమని తనే అడిగేది. దుకాణం వాళ్లకు అది ఎంత ముచ్చటేసిందంటే ఒకాయన లోపలి నుంచి వంటమనిషిని పిలిచి మరీ చెప్పించాడు.

అమ్మకు బాగా నచ్చింది క్యూనెఫె. సేమియాలాంటి సన్నటి పోగుల మధ్య ఉప్పు లేని చీజ్ పెట్టి, రెండువైపులా కాల్చి పాకం పోస్తారు. వేడిగా తినాలి, చల్లారితే చీజ్ రబ్బరైపోతుంది. పార్సిల్ అనే మాటే ఎత్తకండి. పాకం తక్కువ పోయమంటే పోస్తారు, ఎందుకంటే అది అప్పటికప్పుడు చేసేది. బక్లావాకు ఆ వీలు లేదు, పాకం ముందే పీల్చేసుకుని ఉంటుంది.

ప్రధానంగా పాల తీపి వంటకాలు అమ్మే ముహల్లెబిజి దుకాణాలుంటాయి. అక్కడ ఒక జాగ్రత్త: తవుక్ గొయ్‌సు అని తెల్లగా, మెత్తగా, పాలకోవాలా కనిపించే పుడ్డింగ్ ఉంటుంది. అందులో కోడి మాంసం ఉంటుంది! నిజంగానే. ఉడికించి దారాల్లా పీకి పాలల్లో కలిపేస్తారు, రుచిలో తెలియదు కూడా. కజాన్‌దిబి అని అడుగు మాడ్చిన పుడ్డింగ్ ఇంకొకటుంది, అది కోడితోనూ చేస్తారు, లేకుండానూ చేస్తారు. బియ్యంతో చేసే సుత్లాచ్ చాలాచోట్ల గుడ్డు లేకుండానే ఉంటుంది. కొందరు పైన రంగు రావడానికి పచ్చసొన వేస్తారు, అదీ అడగాలి. అషూరె మాత్రం గోధుమలు, శనగలు, ఎండుపళ్లతో చేసేది. అమ్మ అది రెండుసార్లు తెప్పించుకుంది.

నీలిగొడుగు:
తవుక్ గొయ్‌సు గురించి చదివి మా నాన్న ముఖం ఇప్పుడు చూడాల్సింది. ఆయన అక్కడ అది తిని "ఇదే బాగుంది" అన్నారు. ఆయన మాంసాహారే కాబట్టి గొడవ లేదు.

ఐస్‌క్రీమ్ బండివాళ్లు కోన్ ఇచ్చినట్టే ఇచ్చి లాగేసుకునే ఆట ఆడతారు. పిల్లలకు సరదా. మా నాన్నకు మాత్రం రెండోసారికే చిర్రెత్తుకొచ్చింది, "ఇస్తే ఇవ్వు, లేకపోతే లేదు" అని తెలుగులో కసిరి వెళ్లిపోబోయారు. మీ అమ్మగారి స్వభావం చూసుకుని బండి దగ్గరికి తీసుకెళ్లండి.

సంచి_బరువు:
వియన్నాకి నేను చెప్తాను. అక్కడ గుడ్డు కనుక్కోవడం చాలా తేలిక. యూరోపియన్ యూనియన్‌లో తినే పదార్థాల్లోని 14 రకాల అలర్జీ కారకాలు కొనేవాళ్లకు చెప్పి తీరాలి. ఆస్ట్రియాలో చాలా మెనూల్లో వంటకం పక్కన అక్షరాలు వేస్తారు. ఎ అంటే గోధుమలాంటి గ్లూటెన్ ధాన్యాలు, సి అంటే గుడ్డు, జి అంటే పాలు, హెచ్ అంటే బాదం, వాల్‌నట్ లాంటి గింజలు. మీ అమ్మగారికి సి అక్షరం చూపించి, అది ఉన్నది వద్దని చెప్తే చాలు, మెనూ ఆవిడే చదువుకుంటారు. మా అమ్మ కళ్లజోడు సవరించుకుని "సి లేదు, సి లేదు... ఇదిగో దీనికి ఉంది" అని పేజీలు తిప్పుతుంటే వెయిటర్లు వేచి చూసేవాళ్లు.

కానీ జెలటిన్ ఆ 14లో లేదు. ఎముకలు, చర్మం నుంచి తీసేది, ఎక్కువగా పందిదీ పశువుదీ. టాప్ఫెన్ అనే మెత్తటి చీజ్‌తో చేసే క్రీమ్ కేకులు, మూస్‌లు, పన్నకోటా, పళ్ల ముక్కల మీద నిగనిగలాడే ఆ పొర, వీటిలో జెలటిన్ ఉండే అవకాశం ఎక్కువ. అక్షరాలు చూసి నిశ్చింతగా ఉండొద్దు, నోటితో అడగండి. జర్మన్‌లోనూ దాన్ని జెలటీన్ అనే అంటారు, తిప్పలు పడక్కర్లేదు.

సాఖెర్ కేకు అక్కడ పెద్ద పేరు. 1832 నాటిది, చాక్లెట్ కేకు మధ్య ఆప్రికాట్ జామ్. అందులో గుడ్లు బాగా పడతాయి, మీకు కుదరదు. నా మటుకు నాకు అది పొడిగా అనిపించింది, పక్కన ఇచ్చే చక్కెర లేని క్రీమ్ వల్ల నయం. మీ అమ్మగారికి ఆపిల్ స్ట్రూడెల్ సరిగ్గా సరిపోతుంది. దాని పొరను మామూలుగా పిండి, నీళ్లు, నూనెతోనే సాగదీస్తారు. రెండు అడగండి: ఎండుద్రాక్ష రమ్‌లో నానబెట్టారా, పొరలో గుడ్డు వేశారా. వేడివేడి వెనీలా సాస్ పోయించుకోకండి, అందులో పచ్చసొన ఉంటుంది.

పెద్దవాళ్లతో వియన్నా కాఫీహౌస్‌లు ఎంత హాయో చెప్పలేను. ఒక్క కాఫీ తీసుకుని గంటలు కూర్చున్నా లేపరు, పక్కన గ్లాసు నీళ్లు ఇస్తారు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి మ్యూజియం కన్నా అదే నచ్చుతుంది.

పొడుగుదారి:
తిండి లోపల ఏముందో అందరూ చెప్పారు, షుగర్ గురించి ఎవరూ ఎత్తలేదు. మా అమ్మకూ ఉంది. మేం పెట్టుకున్న పద్ధతి: ఒక ప్లేటు, అందరికీ చెంచాలు. భోజనం మానేసి ఆ బదులు స్వీటు అనే లెక్క వద్దు, భోజనం తిన్నాకే కొంచెం తీపి. తిన్నాక హోటల్‌కి ట్యాక్సీ కాకుండా నడక. మాత్రలు, గ్లూకోమీటర్ చేతిసంచిలోనే, చెకిన్ బ్యాగులో పెట్టకండి.

ఇంకోటి చాలామందికి తట్టదు. టూర్‌లో మామూలు కన్నా ఎక్కువ నడుస్తారు. ఇన్సులిన్ గానీ కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్లకు షుగర్ పెరగడం కన్నా పడిపోవడం ఎక్కువ ప్రమాదం. వెళ్లేముందు డాక్టర్‌ని ఆ మాత్రల పేరు చెప్పి అడగండి.

"షుగర్ ఫ్రీ" అని రాసిన చాక్లెట్లు కొనిపెట్టి గొప్పపని చేశామనుకోకండి. వాటిలో మాల్టిటాల్, సార్బిటాల్ లాంటివి ఉంటాయి, ఎక్కువ తింటే కడుపు ఉబ్బి విరేచనాలు అవుతాయి. రోజంతా బస్సులో ఉండే రోజున అసలు వద్దు.

గడపదాటి:
చెంచాలు లెక్కపెట్టడం నాకు నచ్చదు, నిజం చెప్తున్నా. డెబ్బై ఏళ్ల మనిషిని పదిమందిలో "చాల్లే అమ్మా" అని ఆపితే ఆ స్వీటు రుచి పోయినట్టే. తన ఒంటి గురించి తనకు తెలుసు. మా అమ్మను ఒకసారి నా చెల్లెలు అలాగే ఆపింది. అమ్మ అప్పుడు మాట్లాడలేదు, తర్వాత ట్రిప్ అంతా స్వీటు షాపు వస్తే రోడ్డు అవతలికి వెళ్లిపోయేది.

పొడుగుదారి:
@గడపదాటి మీరన్నదీ నిజమే. నేను ఆపమనలేదండీ, ప్లేటు ఒకటే తెప్పించమన్నాను. చిన్న ప్లేటు ముందుంటే ఎవరూ ఎవరినీ ఆపక్కర్లేదు. ఆవిడకి రీడింగ్ చూపిస్తే ఆవిడే సర్దుకుంటుంది, మన ఉపన్యాసం అక్కర్లేదు.

వానకాలం:
అంశం కాస్త పక్కకు జరుగుతుందేమో, జపాన్ వెళ్లే వాళ్లకి ఉపయోగపడుతుందని రాస్తున్నా. మోచీ. ఉడికించిన జిగురు బియ్యాన్ని దంచి చేసే బంక ముద్ద. చూడ్డానికి అమాయకంగా ఉంటుంది, గొంతులో ఇరుక్కుని అక్కడ పెద్దవాళ్లు చనిపోతుంటారు. ప్రతి కొత్త సంవత్సరానికీ అక్కడి అధికారులు చిన్న ముక్కలు చేసుకుని తినమని హెచ్చరిస్తారు. కట్టుడుపళ్లు ఉంటే మరీ ఇబ్బంది. మా నాన్నకు గోలీ సైజు ముక్కలు కోసిచ్చాను, టీతో పాటు, మాట్లాడకుండా నమిలి మింగమన్నాను. ఆయన "ఏంట్రా, నన్ను చంటిపిల్లాణ్ణి చేశావ్" అని నవ్వారు గానీ చెప్పినట్టే తిన్నారు.

దానికన్నా వరాబీ మోచీ నయం, జెల్లీలా మెత్తగా ఉంటుంది, పైన వేయించిన సోయా పొడి చల్లుతారు. గుడ్డు, జెలటిన్ ముట్టని వాళ్లకు యోకాన్ కూడా మంచిది. ఎర్ర చిక్కుడు గింజల ముద్ద, సముద్రపు నాచు నుంచి తీసే అగర్, చక్కెర అంతే. గట్టిగా ఉన్న రకం సీలు తీయనంతవరకూ నెలలు నిలవ ఉంటుంది, ఇంటికి తెచ్చుకోవచ్చు. దొరయాకి, కాస్తెల్లా అనే కేకుల్లో మాత్రం గుడ్డు ఉంటుంది.

ఉప్పుగాలి:
బీపీ మందులు వేసుకునే అమ్మానాన్నలు ఉన్నవాళ్లు నెదర్లాండ్స్, ఫిన్లాండ్ వైపు వెళ్తే నల్ల మిఠాయి (లికోరిస్) గురించి తెలుసుకోండి. అతిమధురం వేరు నుంచి వచ్చే పదార్థం వల్ల బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. ఒకటి రుచి చూస్తే ఏమీ కాదు. జేబులో ప్యాకెట్ పెట్టుకుని రోజంతా చప్పరించే నాన్నలు ఉంటారు చూడండి, సమస్య వాళ్లతోనే. కొన్ని బ్రాండ్లలో జెలటిన్ కూడా ఉంటుంది. ఫిన్లాండ్ రకం ఉప్పగా, ఘాటుగా ఉంటుంది. మా అత్తగారు ఉమ్మేసి, "ఇదేం తీపి?" అని నన్నే అనుమానంగా చూశారు.

సంచి_బరువు:
స్పెయిన్, పోర్చుగల్ కూడా ఎవరైనా వెళ్తుంటే: క్రిస్మస్‌కు అమ్మే మాంతెకాదోస్ బిస్కెట్లు, మయోర్కా దీవి ఎన్సైమాడా బన్ను, రెండూ పందికొవ్వుతో చేసేవే. పోర్చుగల్లో లిస్బన్ గుడ్డు తార్తులు అందరికీ తెలుసు, 1837 నుంచి అక్కడి బెలెమ్ ప్రాంతంలో అమ్ముతున్నారు. ఆ దేశపు మఠాల తీపి వంటకాల్లో చాలావాటికి పచ్చసొనే ఆధారం, గుడ్డు తిననివాళ్లకు అక్కడ కష్టమే. కొన్ని పుడ్డింగ్‌ల్లో పందికొవ్వూ ఉంటుంది. ఇటలీలో కన్నోలీ గొట్టం పిండిలోనూ అది వేయడం పాత పద్ధతి.

కిటికీసీటు:
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ థాంక్స్. ఈ థ్రెడ్ అమ్మకు చదివి వినిపించాను. కోడి పుడ్డింగ్ దగ్గర "రామరామ" అని చెవులు మూసుకుంది. గడపదాటి గారి మాట చదవగానే "అదిగో, విను" అని నా వైపు చూసింది. ఒకే ప్లేటుకు ఒప్పుకుంది. ఒక్క షరతు, చివరి చెంచా తనదట.

ఇంకో సందేహం. లోకుమ్ (టర్కీ జెల్లీ మిఠాయి) లోపల జెలటిన్ ఉంటుందా? వచ్చేటప్పుడు అందరికీ తేవాలంటోంది. విమానంలో చేతిసంచిలో తీసుకురావచ్చా?

రెండోకప్పు:
అసలు లోకుమ్ చక్కెర, గంజిపిండి (స్టార్చ్)తోనే చేస్తారు, జెలటిన్ ఉండదు. చవక రకాల్లో వేసేవాళ్లూ ఉంటారు, పెట్టె వెనక జాబితా చూసి కొనండి. చేతిసంచిలో పట్టుకురావచ్చు, గట్టి పదార్థమే. క్రీమ్, జామ్, పాకం లాంటివైతే చాలా విమానాశ్రయాల్లో 100 మిల్లీలీటర్ల పరిమితి కిందికి వస్తాయి. పొడిగా ఉన్నవే కొని, జారేవన్నీ అక్కడే తినేసి రండి.